జనార్ధనరావుకి వచ్చిన కామెర్లు

బుధవారం ఉదయం జనార్ధనరావు వేసుకున్న పథకంలో కష్టమైనదేమీ లేదు. ఏడింటికి ఉప్పల్లో బస్సెక్కాలి. ఎనిమిదికి నాచారంలో ఫ్యాక్టరీ హాజరు పుస్తకంలో సంతకం పెట్టాలి. ఎండాకాలంలో ఒంటికి నీళ్లు చాలకపోతే ఏమవుతుందో తను రాసిన నోటీసు మీద మేనేజరు చేత సంతకం చేయించి గోడకి అంటించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, శనివారం దాకా ఏ రోగమూ తెచ్చుకోకూడదు. శనివారం కంపెనీ డాక్టరు దగ్గర పరీక్ష. అందులో నెగ్గితే సోమవారం నుంచి అతను వెల్ఫేర్ సూపర్‌వైజర్ కాదు, అసిస్టెంట్ వెల్ఫేర్ ఆఫీసర్.

ఆఫీసరయినా కుర్చీ మారదు, బల్ల మారదు. తాళంచెవి వస్తుంది.

ఆ ఫ్యాక్టరీలో నీటి పంపులకి కావలసిన ఇనుప భాగాలు పోతపోస్తారు. మేడ మీద ఆఫీసర్ల కోసం ఒక బాత్రూం, దానికో తాళం, ఆఫీసరుకో తాళంచెవి ఉన్నాయి. కింద షెడ్డు వెనక కార్మికుల మరుగుదొడ్లు రెండు వరసలు. మగవాళ్లకి నాలుగు తలుపులు, ఆడవాళ్లకి నాలుగు. ఎనిమిదింటిలో దేనికీ గొళ్లెం లేదు. ప్యాకింగులో పనిచేసే ఆడవాళ్లు మూడేళ్ల కిందట గొళ్లేల కోసం అర్జీ పెట్టుకున్నారు. దాని మీద 'పరిశీలనలో ఉన్నది' అని గుండ్రటి అక్షరాలతో రాసి డ్రాయర్లో పెట్టింది జనార్ధనరావే.

మేడ మీదిది తనకి లేదు. కిందిది తన స్థాయికి తగదు. అందుకని అతను ఒక ఉపాయం కనిపెట్టాడు. ఉదయం ఇంట్లో కాఫీ తాగి బయల్దేరితే సాయంత్రం ఇంటికి వచ్చేదాకా చుక్క నీళ్లు ముట్టడు. షెడ్డు ముందు సాలమ్మ నింపిపెట్టే రంజన్ల దగ్గర, ఆ మట్టికుండల మీద బోర్లించిన గ్లాసుతో అరవైమంది నీళ్లు తాగుతుంటే అతను మెట్ల మీంచి చూసేవాడు. వాళ్లకి లేనిదీ తనకి ఉన్నదీ క్రమశిక్షణ అని అతని నమ్మకం.

ఆ బుధవారం పెరట్లోని మరుగుదొడ్డిలోంచి బయటికి వచ్చేసరికి అతని మొహం పాలిపోయి ఉంది.

"ఛాయా, మోదుగుపూలు నానేసిన నీళ్లలా ఉందే," అన్నాడు.

"ఏది?" అంది ఛాయాదేవి వంటింట్లోంచి.

"ఏదంటే ఏం చెప్పను. తల కూడా దిమ్ముగా ఉంది. నిన్నట్నుంచీ నోట్లో తడి లేదు."

"నీళ్లు సరిగ్గా తాగుతున్నారా అసలు?"

"నా ఒంటికేదో వచ్చిందని నేను చస్తుంటే నీళ్ల గొడవేంటి నీకు?"

భార్య చెప్పిన మాట కాబట్టి అది అక్కడితో ఆగిపోయింది. అతను గోడ అవతల ఉన్న పరంధామయ్యని పిలిచాడు. పరంధామయ్య రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. రైళ్లకి జెండా ఊపే పని పోయినప్పటి నుంచి వీధిలోని రోగాలకి ఊపుతున్నాడు. ఆయన జనార్ధనరావు కింది రెప్ప లాగి చూశాడు, నాలుక చాపించి చూశాడు, ఒక సీసాలో నమూనా పట్టి నాలుగు బియ్యపు గింజలు వేయమన్నాడు. అరగంటకి గింజలు పచ్చబడ్డాయి. ఆ సీసాలో ముత్యాలు వేసినా పచ్చబడేవే.

"కామెర్లే," అన్నాడు పరంధామయ్య తృప్తిగా.

"ఒకసారి డాక్టరుకి చూపిస్తే?" అంది ఛాయాదేవి.

"చూపిస్తే కాగితం మీద రాస్తాడమ్మా. రాస్తే శనివారం పరీక్షలో మీ ఆయన సంగతేంటి?"

జనార్ధనరావుకి శనివారం కళ్ల ముందు కనిపించింది. దాని వెనక స్టోర్స్ సూపర్‌వైజర్ బసవరాజు కనిపించాడు. సీనియారిటీ జాబితాలో తన తరవాతి పేరు అతనిదే. జనార్ధనరావు పంటినొప్పి అని సెలవు చీటీ రాసి పంపి, మేడిపల్లి బస్సెక్కాడు.

బస్సు దిగాక ఎండలో మైలున్నర నడవాలి. అక్కడ ఉప్పలయ్య అనే ఆయన కామెర్లకి పసరు పోస్తాడు. జనార్ధనరావు చెమటతో తడిసిన చొక్కా చూసి కూడా ఉప్పలయ్య కూర్చోమనలేదు. దోసిట్లో పసరు పోసి మింగమన్నాడు.

"ఉప్పు ముట్టొద్దు, నూనె ముట్టొద్దు. పొద్దు గుంకేదాక నీళ్లు గూడ ముట్టొద్దు. ముడితె మందు ఇరుగుతది."

"నీళ్లు తాగే అలవాటు నాకు మొదట్నుంచీ లేదులే," అన్నాడు జనార్ధనరావు.

"మంచిది. మీ అసొంటోళ్లకే జల్ది తగ్గుతది."

మళ్లీ ఎండలో మైలున్నర నడిచి వచ్చాడు. గురువారం ఉదయానికి మోదుగుపూలు ముదిరి చింతపండు పులుసు రంగుకి తిరిగాయి. పెదాలు పగిలాయి. లేచి నిలబడితే గోడలు ఒక పక్కకి ఒరుగుతున్నాయి. పరంధామయ్య సీసాని ఎండకి ఎత్తిపట్టి చూసి తల ఊపాడు.

"రోగం బయటికొస్తోంది. మందు పనిచేస్తోందన్నమాట. ఇప్పుడు వదలకూడదు, ఆముదపాకు పసరు కూడా పడాలి."

ఆముదపాకు పసరు పడింది. అది జనార్ధనరావుని సాయంత్రం లోపల ఆరుసార్లు పెరట్లోకి పరిగెత్తించింది. ఒంట్లో మిగిలిన కాస్త తడి కూడా ఆ దారిన పోయింది. ఛాయాదేవి నిమ్మకాయ నీళ్లు తెస్తే గ్లాసు తోసేశాడు. ఉప్పులేని అన్నం మీద అరిచాడు, గోడ మీద కాకి మీద అరిచాడు, కాకి వెళ్లిపోయాక గోడ మీద అరిచాడు. ఛాయాదేవి ఒలికిన నిమ్మకాయ నీళ్లు తుడిచి, ఇంకో గ్లాసు కలుపుకుని తను తాగింది.

శుక్రవారం కూడా సెలవు పెడితే అనుమానం వస్తుందని ఫ్యాక్టరీకి వెళ్లాడు. అతను లేడని నోటీసు ఆగలేదు. మేనేజరు ఉమామహేశ్వర్ సంతకం పెట్టాడు, కొలిమి దగ్గర పనిచేసే చంద్రయ్య దాన్ని రంజన్ల పక్క గోడకి అంటించాడు. జనార్ధనరావు దానివైపు చూడకుండానే మెట్లెక్కబోయి, నాలుగో మెట్టు మీద కూలబడ్డాడు.

ముందుగా చేరినవాడు బసవరాజే.

"ఏంటి గురువుగారూ, కళ్లు పచ్చగా ఉన్నాయి?" అన్నాడు ఎంతో ప్రేమగా.

నిజంగా పచ్చగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి అక్కడ అద్దం లేదు. జనార్ధనరావుకి తల తిరుగుతున్నా బుద్ధి మాత్రం పాతదారిలోనే నడిచింది. రోగం తన తప్పయితే ఉద్యోగం పోతుంది. కంపెనీ తప్పయితే జాలి చూపిస్తారు.

"కామెర్లు బసవరాజూ. ఇక్కడి నీళ్లే కారణం. రంజన్లలో ఏం కలుస్తోందో ఎవరు చూస్తున్నారు?"

ఆ మాట పది నిమిషాల్లో మేనేజరు గదికి చేరింది. పావుగంటలో రంజన్లన్నీ పారబోయమని ఉత్తర్వు వచ్చింది. సాలమ్మని లెక్క చూసుకుని వెళ్లిపొమ్మన్నారు. నీళ్లు లేకపోతే కొలిమి దగ్గర నిలబడలేమని చంద్రయ్య, మిగతావాళ్లూ పని ఆపి బయటికి వచ్చారు. పోత ఆగింది. ఉమామహేశ్వర్ మేడ దిగి వచ్చాడు. ఏప్రిల్ నెల ఎండలో అరవైమంది నాలుగు రంజన్ల చుట్టూ నిలబడ్డారు, ఒక్కరూ గ్లాసు ముట్టుకోవడం లేదు. జనార్ధనరావు ఇంకా నాలుగో మెట్టు మీదే ఉన్నాడు.

సాలమ్మ ఒక్కతే తొందరపడలేదు. మొదటి రంజను అంచు మీద చెయ్యి వేసి అడిగింది.

"పారవోసుడు ఎంతసేపు సారూ. జర ఒక్క మాట. గీ రంజన్లకాడ నేను నాలుగేండ్ల సంది ఉన్న. అరవై మంది తాగుతరు. ఒక్కనికి కామెర్లు రాలే. గీ సారు ఒక్క గిలాస గూడ దాగలే. తాగనాయినకు గీ నీళ్లతోని రోగమెట్లొచ్చింది?"

ఉమామహేశ్వర్ మెట్లవైపు తిరిగాడు. "తాగలేదా రావుగారూ?"

"అంటే... పని ఒత్తిడి వల్ల."

"మరి ఎక్కడ తాగుతారు?"

"ఇంటికి వెళ్లాక."

"పొద్దున్నుంచీ ఏమీ తాగరా?"

జనార్ధనరావు నోరు తెరిచేలోపు సాలమ్మ మాట్లాడింది.

"మా ప్యాకింగు ఆడోళ్ల సంగతి గూడ గంతే సారూ. తలుపుకు గొళ్లెం లేదని పొద్దంత నీళ్లు దాగరు. పొద్దుమీకేసరికి తలకాయ నొస్తది, కండ్లు తిరుగుతయి, ఒంటికి పోతె మంట. రొండు చెంబులు తాగిపిస్తె తెల్లారేసరికి మంచిగైతరు. ఒక్కలు గూడ పసరుకు పోలే."

"గోడ మీన గూడ గదే రాసుంది," అన్నాడు చంద్రయ్య. అతను అయిదో తరగతి దాకా చదివాడు. ఆ చదువుకి ఇంతమంది శ్రోతలు దొరకడం అదే మొదలు. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. "'దేహమునకు జలము చాలనిచో కనిపించు చిహ్నములు. నోరు పిడచగట్టుట.'"

అరవైమంది మెట్లవైపు చూశారు.

"'అధరములు పగులుట.' అధరాలంటె ఏంది సారూ?"

"పెదాలు," అన్నాడు ఉమామహేశ్వర్.

అందరూ పెదాలు చూశారు.

"'శిరోభారము. నిలుచున్నప్పుడు తల తిరుగుట. మూత్రము ముదురు వర్ణము దాల్చుట.'"

"ఇక ఆపవయ్యా. బుద్ధి లేదూ నీకు?" అని అరిచాడు జనార్ధనరావు.

"'అకారణ కోపము,'" అన్నాడు చంద్రయ్య. "గది గూడ ఉన్నది సారూ. కింద రాసినోళ్ల పేరున్నది. అది గూడ సదువాల్నా?"

"అక్కర్లేదు," అన్నాడు ఉమామహేశ్వర్.

సాలమ్మ గ్లాసు ముంచి ఇచ్చింది. జనార్ధనరావు నిలబడకుండా ఏడు గ్లాసులు తాగాడు. లెక్కపెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ సంఖ్యలో తేడా లేదు. రంజన్లు ఉన్నచోటే ఉన్నాయి, సాలమ్మ కూడా. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు. తప్పు తమదని ఒప్పుకునే సందర్భాల కోసం ఆ ఆఫీసులో నమూనా పత్రం లేదు.

తెలివితక్కువవాడికి కొత్తగా తెలివి వస్తే అది కూడా అతిగానే వస్తుంది. శుక్రవారం సాయంత్రం నుంచి జనార్ధనరావు అరగంటకో చెంబు తాగాడు. పరంధామయ్య నిన్నటి కామెర్ల ఊసెత్తకుండా, "నేను మొదట్నుంచీ అదే అంటున్నాగా, బిందెడు పట్టించు," అన్నాడు. శనివారం ఉదయం ఉప్పల్ చౌరస్తాలో డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుని కూడా సంచిలోంచి సీసా తీసి తాగుతూనే ఉన్నాడు. తలనొప్పి లేదు, తిరుగుడు లేదు. గుండె, ఊపిరితిత్తులు, కళ్లు అన్నీ బాగున్నాయని డాక్టరు రాశాడు. ఒక చిన్న సీసా ఇచ్చి బాత్రూంలోకి పంపించాడు.

కాంపౌండరు ఆ సీసాని కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు. అవతల రోడ్డు మీద పోతున్న బస్సు నంబరు అందులోంచి చదవొచ్చు.

"ఇవి నీళ్లు సార్."

"కాదండీ. నావే."

"అందరు గట్లనే అంటరు. లోపల నల్లా ఉన్నది గద. ఫికర్ జెయ్యకుండ అసలుది ఇయ్యిండ్రి."

జనార్ధనరావు రెండోసారి ఇచ్చాడు. ఇవ్వడానికి అతనికి ఏ ఇబ్బందీ లేదు. మూడోసారీ ఇచ్చాడు. మూడు సీసాలూ ఒకే తీరున తళతళలాడుతూ బల్ల మీద నిలబడ్డాయి. డాక్టరు తలెత్తకుండా, 'నమూనా అనుమానాస్పదం, మూడు నెలల తరవాత తిరిగి పరీక్షించవలెను' అని రాశాడు. రాశాక మాత్రం దయగా ఒక సలహా చెప్పాడు. "గంటకో గ్లాసు నీళ్లు తాగండి. అంతకంటే ఎక్కువొద్దు, తక్కువా వద్దు."

ఖాళీగా ఉన్న ఉద్యోగం మూడు నెలలు ఆగదు. ఆ సాయంత్రమే పరీక్షకి పిలిపించిన బసవరాజు నమూనా ఎవరికీ ఏ అనుమానమూ రానంత పసుపు రంగులో ఉందట.

సోమవారం పది గంటలకి జనార్ధనరావు మేడ మీద తాళం ముందు నిలబడ్డాడు. "గురువుగారూ, తాళంచెవి ఇతరులకి ఇవ్వకూడదన్న రూలు తమరు రాసిందే కదా," అన్నాడు బసవరాజు, జేబు మీద చెయ్యి వేసుకుని. జనార్ధనరావుకి వాదించే వ్యవధి లేదు. కిందికి దిగి, షెడ్డు దాటి, మగవాళ్ల వరసలో మూడో తలుపు దగ్గర ఆగి చంద్రయ్యని పిలిచాడు.

"కాసేపు తలుపు పట్టుకోవయ్యా."

"కొలిమి ఇడిసెట్లొస్త సారూ. ఓ అర్జీ వెట్టుండ్రి."

ఒక చేత్తో తలుపు పట్టుకుని, లోపల మనిషి ఉన్నాడని తెలియడానికి దగ్గుతూ ఉండాలి. గంటకో గ్లాసు కాబట్టి దగ్గు కూడా గంటకోసారి షెడ్డంతా వినిపించింది. నాలుగోసారి దగ్గి వచ్చాక అతను బల్ల దగ్గర కూర్చుని, డ్రాయరు తెరవకుండానే, 'కార్మికుల మరుగుదొడ్లకు గొళ్లేలు నాలుగు, అత్యవసరము' అని రాసి స్టోర్స్‌కి పంపాడు. మూడేళ్లలో దొరకని గొళ్లేలు మంగళవారం మధ్యాహ్నానికి వచ్చాయి.

చీటీలో ఏ వరస అన్నది లేదు. చంద్రయ్య సాలమ్మని అడిగి నాలుగూ బిగించేశాడు. సాయంత్రం నాలుగింటికి గ్లాసు కింద పెట్టి హడావుడిగా వెళ్లిన జనార్ధనరావు, వెళ్లినంత హడావుడిగానే వెనక్కి వచ్చాడు.

"గొళ్లేలేవయ్యా?"

"ఆడోళ్ల దిక్కు వెట్టిన సారూ. అర్జీ ముందుగాల వాళ్లదే గద."

మగవాళ్ల వైపు సంగతి పరిశీలనలో ఉంది.