టాకెట్ల గుట్ట మీద చోటు

ఆ శనివారం పొద్దున ఓర్ఫా తలపెట్టింది చాలా చిన్న పని. కోర్టు భవనం కింది అంతస్తులో ఉన్న పాత రికార్డుల గదికి వెళ్లి, తన వంశానికి సాక్ష్యంగా ఒక్క కాగితం నకలు తెచ్చుకోవాలి. తిరిగొచ్చి బంగాళాదుంపలు ఉడకబెట్టి, మర్నాడు గుట్ట మీదికి సలాడ్ కలుపుకోవాలి. మర్నాడు డెకరేషన్ ఆదివారం. సమాధుల మధ్య గడ్డి కోసి, పూలు పెట్టి, ప్రసంగం విని, అక్కడే అందరూ కలిసి భోంచేసే రోజు. దుంపలు కడిగి గిన్నెలో నీళ్లు పోసి మరీ బయల్దేరింది.

కెంటకీలోని ఆ లోయలో అడవి కొట్టి మొదటి గుడిసె వేసినవాడు జోసయా టాకెట్. గుట్టను తనవాళ్ల సమాధుల కోసం వదిలిపోయాడు. ఓర్ఫా పుట్టింటివాళ్లు టాకెట్లు. ఆమె భర్త క్లాయిడ్ ఆ గుట్ట మీదే పడుకుని ఉన్నాడు. ఇద్దరికీ కలిపి ఒకే రాయి. ఓర్ఫా పేరూ, పుట్టిన సంవత్సరమూ అప్పుడే చెక్కించేశారు, రెండో సంవత్సరానికి మాత్రం చోటు వదిలారు. వారంవారం వెళ్లి ఆ ఖాళీ మీద దుమ్ము తుడిచి వస్తుంది. క్లాయిడ్ పక్కన చేరడం తప్ప ఆమెకు ఈ లోకంలో మరో కోరిక మిగల్లేదు.

ఆ కోరికకు రెండోవైపున హోబార్ట్ కాడిల్ తగిలాడు. హోబార్ట్ తల్లి ముసలితనంలో ఒక టాకెట్‌ను మారుమనువాడి, ఆ గుట్ట మీదే మట్టిలో కలిసింది. తన తల్లి పక్కన తనకు చోటు కావాలని మొన్న మార్చిలో హోబార్ట్ అడిగాడు. ఆ చోటు సరిగ్గా ఓర్ఫా చోటును ఆనుకుని ఉంది. అంటే ఒకపక్క క్లాయిడ్, ఇంకోపక్క హోబార్ట్, మధ్యలో తీర్పు దినం దాకా ఓర్ఫా!

క్లాయిడ్ అంత్యక్రియలనాడు శవపేటిక ముందు నిలబడి, "పాపం క్లాయిడ్‌కి ఇన్నాళ్లకి కాస్త నిశ్శబ్దం దొరికింది" అన్న మనిషి ఈ హోబార్ట్. కొందరు నవ్వారు కూడా. ఎవరెవరు నవ్విందీ ఓర్ఫాకు ఇప్పటికీ గుర్తే. అందుకే శ్మశానం కమిటీ పెద్దగా ఆమె ఒక షరతు పెట్టించింది. ఇకమీదట జోసయా రక్తం తమలో ఉందని పాత రికార్డుల్లోంచి రుజువు చూపినవాళ్లకే గుట్ట మీద చోటు. మర్నాడు గుట్ట మీద తన రుజువును తానే అందరికంటే ముందు చదవాలని ఆమె ముచ్చట.

రికార్డుల గది చూసుకునేది చెల్లెలి కూతురు నెడ్రా. "రా పెద్దమ్మా. ఆయన కూడా వచ్చాడు" అంది మెల్లగా. ఉన్న ఒక్క బల్లకు అవతలి చివర హోబార్ట్ కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని కూర్చున్నాడు.

"ఏం వెతుకుతున్నావు? కాడిల్స్ ఎప్పుడు గుర్రాలు దొంగిలించారోనా?" అంది ఓర్ఫా.

"అవి పైన కొత్త పుస్తకాల్లో ఉన్నాయిలే. నేనింకా టాకెట్ల దొంగతనాల దగ్గరే ఉన్నా" అన్నాడు హోబార్ట్ తలెత్తకుండా.

నాన్న నుంచి తాత, తాత నుంచి ముత్తాత, అలా కమ్మరి ఎలైషా టాకెట్ వరకూ దారి నల్లేరు మీద బండిలా సాగింది. ఎలైషా సుత్తి ఇప్పటికీ ఓర్ఫా ఇంట్లో పొయ్యి పైన వేలాడుతోంది. ఇక మిగిలింది జోసయా వీలునామాయే. నెడ్రా తెచ్చి చదివింది. మిస్సోరీ వెళ్లిపోయిన కొడుకుల పేర్లున్నాయి, చనిపోయిన ఆవు పేరు కూడా ఉంది. ఎలైషా పేరు లేదు.

ఓర్ఫా బయటికొచ్చి, ఎందుకైనా మంచిదని చెల్లెలికి ఫోన్ చేసింది. "ఎలైషాని తండ్రి వెళ్లగొట్టినట్టున్నాడే. చెప్పిన మాట వినకుండా యుద్ధానికి పోయుంటాడు" అంది. 'ఉంటాడు' అన్న ముక్క ఫోన్లోనే రాలిపోయింది. చెల్లెలు పాస్టరుకు చెప్పింది. తప్పిపోయిన కుమారుడి మీద ప్రసంగం చెయ్యాలని ఆయన ఎప్పటినుంచో తహతహలాడుతున్నాడు. గుట్ట మీద గడ్డి కోస్తున్నవాళ్లకు ఆయన చెప్పాడు. వాళ్లు ఒరిగిన ఎలైషా సమాధి రాయిని లేపి నిలబెట్టి, యుద్ధవీరులకు పెట్టే జెండా గుచ్చారు. మధ్యాహ్నానికల్లా ఎలైషా కాలికి తూటా కూడా తగిలింది.

లోపల నెడ్రా ఇంకో పుస్తకం తెరిచింది. దిక్కులేని పిల్లలను పని నేర్పేవాళ్లకు అప్పగిస్తూ ఆ రోజుల్లో జడ్జీలు ఇచ్చిన ఉత్తర్వులవి. చదువుతూ చదువుతూ ఆమె గొంతు తగ్గింది. "చనిపోయిన ఆబ్సలోమ్ కాడిల్ కొడుకు, అనాథ అయిన ఎలైషాను, కమ్మరి పని నేర్పే షరతు మీద జోసయా టాకెట్‌కు అప్పగించడమైనది. ఈడు వచ్చిన నాడు ఒక జత బట్టలు, ఒక సుత్తి ఇచ్చి పంపవలెను."

పెంచిన ఇంటి పేరే పిల్లవాడికి అతుక్కుపోయింది. ఓర్ఫాకు పొయ్యి పైనున్న సుత్తి కళ్ల ముందు కదిలింది.

"అయితే నేనూ టాకెట్‌ని కాదన్నమాటేగా పెద్దమ్మా?" అంది నెడ్రా.

"నీ మొహం, నోర్ముయ్యి" అంది ఓర్ఫా.

హోబార్ట్ లేచి, తన ముందున్న నకలును ఆమె వైపు తోశాడు. అదే వీలునామా, అడుగున ఇందాక ఓర్ఫా పట్టించుకోని ఇంకో వాక్యం. "నా కూతురు, కాడిల్స్ ఇంటి కోడలు కెజయాకు దూడతో సహా తెల్లావు." ఆ కెజయా హోబార్ట్ తాతకు తాతమ్మ. ఆమె పెనిమిటి ఆబ్సలోమ్‌కు తమ్ముడు.

"అంటే మనిద్దరం చుట్టాలం కూడా" అన్నాడు.

"ఇంక అదొక్కటే తక్కువ" అంది ఓర్ఫా.

తీసిన గోతిలో తీసినవాళ్లే పడతారంటారు. ఓర్ఫాకు ఆ గోతిలో పడే హక్కు కూడా లేకుండా పోయింది. ఇంటికొచ్చి దుంపల గిన్నె ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది. కాగితం దాచెయ్యొచ్చు. నెడ్రా నోరు విప్పదు, హోబార్ట్ చెప్పినా ఎవరూ నమ్మరు. కానీ క్లాయిడ్ బతికినన్నాళ్లూ మాంసం కొట్టు నడిపి, తూకంలో ఒక్కసారీ అబద్ధమాడని మనిషి. దొంగ రుజువుతో అతని పక్కకు చేరడం ఆమెకు చేతకాలేదు.

ఆదివారం గుట్ట మీద పాస్టరు ఎలైషా గాయాల దాకా వచ్చేసరికి, ఓర్ఫా లేచి నిలబడింది. "ఆ జెండా తీసెయ్యండి. ఆయన యుద్ధానికి పోలేదు. టాకెట్ కూడా కాదు" అని ఉత్తర్వు చదివింది. అక్కడున్న టాకెట్లందరూ ఎలైషా సంతతివాళ్లే. చదవడం పూర్తయ్యేసరికి కమిటీ మొత్తానికి సమాధులు లేవు. జోసయా రక్తం ఆ గుట్ట మీద ఒక్కడిలోనే మిగిలింది. అతను వేయించిన కోడి కాలు తింటున్నాడు.

"నీ ఇష్టం హోబార్ట్. షరతు నేనే పెట్టాను. మా ఆయన్ని మాత్రం కదిలించకు" అంది ఓర్ఫా.

హోబార్ట్ తినడం ఆపేశాడు. కోడి కాలును పళ్లెంలో పెట్టి, చేతులు తుడుచుకుని, టోపీ తీశాడు. "మా జోసయా దిక్కులేని కాడిల్ పిల్లాణ్ణి ఇంట్లోకి తెచ్చుకున్నాడు. ఆయన చేసిన పనిని కాదనడానికి నేనెవణ్ణి? ఎలైషా పిల్లలందరూ ఈ గుట్ట పిల్లలే" అన్నాడు. తరవాత ఓర్ఫా వైపు తిరిగాడు. "క్లాయిడ్ దగ్గర ఆ రోజు నేనన్న మాట తప్పు. ఆ మాట అన్నప్పట్నుంచి నాకూ బాగాలేదు."

ఓర్ఫా కళ్లు తుడుచుకుంది. సలాడ్ గిన్నె తీసుకెళ్లి అతని ముందు పెట్టింది. మొదటి ముద్ద తిని అతను ఉప్పు అడిగాడు.

అప్పటినుంచి ఊళ్లో ఎవరు ఆరోగ్యం ఎలా ఉందని అడిగినా, హోబార్ట్‌ను పూడ్చాకే తాను కదిలేదని ఓర్ఫా ఖచ్చితంగా చెబుతోంది. తాను ముందు పోతే, తన శవపేటిక ముందు నిలబడి అతను ఇంకో మాట అనడని నమ్మకమేముంది?