బావగారి ప్లానూ, అక్క వయొలినూ

సంగీతోత్సవానికి వెళ్లినవాళ్లు సంగీతం వినాలని ఏ చట్టంలో ఉంది? వినడానికి ఇంట్లో ఫోన్ లేదా? మండుటెండలో పెట్టె మోసుకుంటూ పరాయి నగరానికి వెళ్లేది ప్లాన్ అమలు చేయడానికి! ఈ ఆధునిక వరం విలువ తెలియనివాళ్లు హాయిగా ఫ్యాన్ కింద పడుకోండి.

నమ్మరా? అయితే మా బావగారిని చూడండి. సిటీ బస్సులకు టైంటేబుల్ వేయడం ఆయన ఉద్యోగం. బస్సులు ఆయన మాట వినవు. ఆ కసంతా ఇంట్లోవాళ్ల మీద తీర్చుకుంటారు.

ఈ వేసవిలో మా అక్క నోరు తెరిచి ఒక్కటే అడిగింది. పెళ్లికి ముందు ఆమె వయొలిన్ నేర్చుకునేది. నిదానంగా సాగే ఒక రచన సగంలో ఉండగా పెళ్లయింది. వయొలిన్ బీరువా మీదికెక్కింది. సరిగ్గా ఆ రచననే ఒక పెద్ద విద్వాంసురాలు పక్క నగరంలో జరిగే మూడు రోజుల వేసవి కచేరీల ఆఖరి రోజున, విరామం తర్వాత వాయిస్తుందట.

"యూట్యూబులో ఉంటుందిగా?" అన్నారు బావగారు.

"ఉంటుందండీ. కానీ చివర్లో ఆ కమాను ఎలా తిప్పుతుందో ఎదురుగా కూర్చుని చూడాలి. నాకు అక్కడిదాకా పాఠం రాలేదు."

"అంతేనా! నాకొదిలెయ్."

అక్క గుండెల్లో రాయి పడింది.

ప్లాన్ తయారైంది. అబ్బో, ఏం ప్లాన్! హాలు పక్కనే హోటలుంది. బావగారు ఊరి చివరిది తీసుకున్నారు. అక్కడ పొద్దున టిఫిన్ ఫ్రీ! ఉదయం మ్యూజియం, మధ్యాహ్నం జూ, సాయంత్రం కచేరీ. విరామం గంట మోగగానే పరుగు.

"చివరిదాకా కూర్చుంటే టాక్సీ దొరికి చస్తుందా? అయినా సెకండ్ హాఫ్ ఎప్పుడూ సాగదీతే!" ఇది ఆయన సంగీత సిద్ధాంతం. కాదనగలరా మీరు?

మొదటి సాయంత్రం జూ దగ్గరే ఆలస్యమైంది. కాంబో టికెట్ కొన్నాక కోతిని చూడకుండా వస్తారా ఎవరైనా? వచ్చేసరికి హాలు తలుపులు మూసేశారు. లాబీలో టీవీ తెర ముందు నిలబడి కచేరీ చూశారు. "టిక్!" అన్నారు బావగారు, ప్లాన్ కాగితం మీద తృప్తిగా గుర్తు పెట్టుకుంటూ.

రెండో సాయంత్రం లోపల సీట్లు దొరికాయి. అక్క కళ్లు మూసుకుందో లేదో, విరామం రాకముందే బావగారి జేబులో అలారం గుర్రుమంది. వరసలో అందరి కాళ్లూ తొక్కుకుంటూ ఇద్దరూ బయటపడ్డారు. హోటల్లో టేబుల్ బుక్ చేశారు మరి! భోజనం గంట ఆలస్యంగా వచ్చిందంటారా? అది వంటవాడి తప్పు, ప్లాన్ తప్పు కాదు.

ఇక ఆఖరి సాయంత్రం. విరామం గంట మోగింది. బావగారు స్ప్రింగులా లేచారు.

"లే లే, పడవ షికారు టైమైంది."

అక్క కదల్లేదు. "మీరు వెళ్లిరండి."

"రెండు టికెట్లు కొన్నాను! డబ్బు వెనక్కివ్వరు!"

"అయితే రెండు సీట్లలోనూ మీరే కూర్చోండి. కాళ్లు చాపుకోవచ్చు."

"నీ ఆఖరి ముక్క కోసం బంగారంలాంటి పడవ వదులుకుంటావా?"

"మీరు వదులుకోకండి. టైమైపోతోంది."

ఆ మాట పనిచేసింది. బావగారు వేదిక వంక ఒకసారి, వాచీ వంక రెండుసార్లు చూసి, వెళ్లిపోయారు. బస్సులు కదలకపోతేనేం, ఆయన మాత్రం టైముకి బయల్దేరారు!

ఖాళీ అయిన సీట్లో అక్క హ్యాండ్‌బ్యాగు పెట్టుకుంది. దీపాలు తగ్గాయి. వేదిక మీద కమాను తీగను తాకింది. కుర్చీ చేతి మీద అక్క ఎడమచేతి వేళ్లు వాటంతటవే కదిలాయి. తనకు తెలిసిన సగం అయిపోయాక ఆ వేళ్లు ఆగాయి. మిగతా సగం కళ్లప్పగించి చూసింది. చివర్లో కమాను గాల్లోకి లేచి, ఆగి, ఈకలా వాలింది.

ఓహో, ఇలాగా!

పక్కన వాచీ చూసే మనిషి లేకుండా ఆమె ఒక కచేరీని చివరిదాకా వినడం పెళ్లయ్యాక అదే మొదటిసారి.

హాలు మెట్ల మీద బావగారు ఎదురొచ్చారు. "పడవ బ్రహ్మాండం! నీ సంగతేంటి? ప్లాన్ ఎలా ఉంది?"

"అద్భుతమండీ," అంది అక్క, మనస్ఫూర్తిగా. "వచ్చే ఏడు కూడా మీరే వెయ్యండి. రోజుకో పడవ పెట్టండి."