అన్నం మానేసిన మిల్లు సేటు

ఆ ఉదయం సత్యనారాయణ వేసుకున్న పథకం చాలా చిన్నది. తండాకు వెళ్లాలి. స్నేహితుడు కాశీరాం ఇంట్లో కూర్చోవాలి. అన్నం తినకుండా లేవాలి. ఎవరికీ అనుమానం రాకూడదు.

మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే మనిషి అన్నం నుంచి తప్పించుకోవడానికి పథకం వేయడమేమిటి? కారణం అతని చొక్కా జేబులో ఉంది. షుగర్ గోలీల అట్ట. ఊళ్లో కొంటే నలుగురికీ తెలుస్తుందని సూర్యాపేటలో కొన్నాడు. డాక్టర్ దగ్గరికి కూడా సూర్యాపేటే వెళ్లాడు, అదీ ముఖానికి మాస్కు పెట్టుకుని.

డాక్టర్ నిఖిత చెప్పిన మాటల్లో తికమక ఏమీ లేదు. "అన్నం మానక్కర్లేదండీ, తగ్గించండి. పళ్లెంలో సగం కూరలు పెట్టుకోండి. పప్పో, గుడ్డో, మాంసమో కొంత. అన్నం పిడికెడు. తిన్నాక కాసేపు నడవండి. ఇంట్లోవాళ్లకీ, దగ్గరివాళ్లకీ చెప్పండి. ఇది దాచుకునే జబ్బు కాదు."

సత్యనారాయణ బుద్ధిగా తల ఊపాడు. కారెక్కేసరికి ఆ సలహాలో సగం రాలిపోయింది. పిడికెడు అనేది అతని వృత్తిలో లేని కొలత. వడ్లు లారీల్లో వస్తాయి, బియ్యం లారీల్లో పోతాయి. తింటే కడుపు నిండా తినాలి, లేదంటే పూర్తిగా మానాలి. అతను మానేశాడు. దగ్గరివాళ్లకు చెప్పడం అనే ముక్కనైతే అసలు విననట్టే మరిచాడు.

"కాశన్నకు చెప్తె ఏమైతదయ్యా? గాయన పరాయోడా?" ఇస్త్రీ చొక్కా అందిస్తూ అడిగింది భార్య ఆండాళు.

"కాశీరాంకు చెప్తె ఆయన పెండ్లాం ద్వాళికి తెలుస్తది. ద్వాళికి తెలిస్తె తండ మొత్తం తెలుస్తది. మిల్లోనికే బియ్యం తిని షుగరొచ్చిందంటరు. ఇగ మన బియ్యం ఎవడు కొంటడే?"

"ఏమో మరి. నీకు అబద్ధం అరగదు. దానికన్న అన్నమే నయం."

అతను వినలేదు. వినుంటే ఈ కథ ఇక్కడే ఆగేది.

కాశీరాంది మాడుగులపల్లి దగ్గరి తండా. మిల్లు పెట్టిన కొత్తలో సత్యనారాయణను ఏ రైతూ నమ్మలేదు. మొదటి లోడు తెచ్చి దింపింది కాశీరాం. ఆ సాయంత్రం ఆ బియ్యమే కొంత మూటగట్టుకుని సత్యనారాయణ తండాకు వెళ్లాడు. కాశీరాం భార్య ద్వాళి వండింది. స్నేహితులిద్దరూ పక్కపక్కన కూర్చుని తిన్నారు. అప్పటి నుంచి ప్రతి పంటకూ అదే పద్ధతి. మొదటి బస్తా మిల్లులో పట్టించడం, తండాలో వండించడం, ఇద్దరూ కలిసి తినడం. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు కొత్తబువ్వ. మధ్యలో మిల్లు పెరిగింది, గోదాములు వచ్చాయి, ఓట్ల కాలంలో నాయకులు సత్యనారాయణ గడప తొక్కడం మొదలైంది. మారనిది ఆ ఒక్క భోజనమే.

ఆ రోజు కూడా కొత్తబువ్వే. ద్వాళి నాటుకోడి కూర వండింది. పళ్లెంలో అన్నం పొగలు కక్కుతోంది.

"కాళ్లు కడుక్కో సత్తెన్నా" అన్నాడు కాశీరాం.

"ఇయ్యాల నాది ఒక్కపొద్దు."

"బుధవారం నాడా?"

"మొక్కు. చాన పెద్ద మొక్కు."

"ఏ దేవునికన్నా?" ద్వాళి గరిటె పట్టుకుని నిలబడింది.

ఈ ప్రశ్నకు సత్యనారాయణ సిద్ధమై రాలేదు. "అందరికి" అన్నాడు.

"పొద్దుగాల ఫోన్ల ఒక్క మాటన్న చెప్పకపోతివి" అని కాశీరాం తన పళ్లెం కూడా పక్కకు జరిపాడు. "నువ్వు తినంది నేనెట్ల తింట?"

ఇద్దరూ మజ్జిగ తాగారు. పథకం ఫలించిందనుకుంటూ సత్యనారాయణ కారెక్కాడు.

నేరం చేసే ముఠా ముందుగా కూర్చుని ఒకే కథ అనుకోవాలి. ఆ పని అతను మరిచాడు. సాయంత్రం ద్వాళి ఆండాళుకు ఫోన్ చేసి, "వదినా, సత్తెన్న తినకుంటనే పాయె, ఏమైంది?" అని అడిగింది. భర్త ఏం చెప్పి వచ్చాడో ఆండాళుకు తెలియదు. "పన్ను నొప్పి, నమలరావట్లే" అనేసింది. ఆ మరునాడు కాశీరాం కొడుకు దేవేందర్ మిల్లుకు వచ్చి, పెద్దనాయనకు ఎట్లుందని సత్యనారాయణ కొడుకు ప్రవీణ్‌ను అడిగాడు. ప్రవీణ్ తన తెలివి ఉపయోగించాడు. "గ్యాస్ రా. అన్నం తింటె కడుపుబ్బుతుంది."

మూడు కథలూ తండాలో ఒకే అరుగు మీద కలుసుకున్నాయి.

కాశీరాం గొడవ పడలేదు. ఒక సంచి పంపించాడు. అందులో మొక్కుకు కొబ్బరికాయ, పంటికి లవంగాలు, కడుపుకు వాము ఉన్నాయి. సత్యనారాయణ సంచి విప్పి చాలాసేపు చూశాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. అతను ఫోన్ అందుకున్నాడు.

"కాశన్నా, సంచి ముట్టింది. మొక్కు, పన్ను, గ్యాసు మూడూ ఒక్కసారే వచ్చినయే" అన్నాడు.

"గట్లనా" అంది అవతలి గొంతు. ఫోన్ పెట్టేసిన చప్పుడు కాస్త గట్టిగానే వినిపించింది.

తర్వాతి దెబ్బ సూర్యాపేటలో తగిలింది. రక్తపరీక్షకు వెళ్లిన సత్యనారాయణ, తిరుగు దారిలో హైవే పక్క హోటల్లో కూర్చుని జొన్నరొట్టెలు చెప్పాడు. కోడికూరతో మూడో రొట్టె ముగించి నాలుగో దాన్ని తుంచుతుండగా పక్కన నీడ పడింది. ట్రాక్టర్ సామాను కోసం వచ్చిన దేవేందర్.

"పెద్దనాయినా, పన్ను నయమైనట్టుంది?"

జొన్నరొట్టె నోట్లో ఉన్నప్పుడు మనిషి వెంటనే జవాబు చెప్పలేడు. నమలాలి. సత్యనారాయణ నమిలాడు. పళ్లన్నీ చక్కగా పనిచేస్తున్నాయని దేవేందర్ దగ్గరుండి చూశాడు.

"మొక్కు గూడ తీరింది గదా?" కోడికూర వైపు చూస్తూ అన్నాడు ఆ కుర్రాడు. "మా బువ్వనే పడుతలేదన్నట్టు." ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయాడు.

ఆ రాత్రికి తండాలో రెండు అభిప్రాయాలు స్థిరపడ్డాయి. సేటు పెద్దోడైపోయాడు, ఇక లంబాడోళ్ల ఇంట్లో తినడు అన్నది మొదటిది. అతను ఆ మిల్లు బియ్యానికి ఏదో మందు కొడుతున్నాడు, సంగతి తెలుసు గనక తనే తినడం లేదు అన్నది రెండోది. మొదటిది కాశీరాం గుండెలో దిగి అక్కడే ఉండిపోయింది. రెండోది గరిడేపల్లి మీదుగా కోదాడ చేరింది.

కోదాడ బియ్యం వ్యాపారి ఫోన్ చేశాడు. "ఏవండీ సత్యనారాయణగారూ, మీ బియ్యం మీరే తినరంటగా? ఇక్కడ మావాళ్లు అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

"ఎవడన్నడు? మస్తుగ తింట!"

"ఎప్పుడు తింటారో చెప్పండి. మా మనిషిని పంపిస్తా, చూసొస్తాడు."

సత్యనారాయణకు చెమట పట్టింది. కానీ అసలు చెమట ఆ మధ్యాహ్నం పట్టింది. మిల్లు ముందున్న రోడ్డు మీద వడ్ల లారీ వస్తోంది. డ్రైవర్ పక్కన కాశీరాం. గేటు తెరిపించి సత్యనారాయణ స్వయంగా ఎదురు వెళ్లాడు. చెయ్యెత్తాడు. లారీ మలుపు తీసుకోలేదు. కోదాడ వైపు ముక్కు పెట్టి, అతని ముందు కొంచెం నెమ్మదించింది.

కాశీరాం కిటికీలోంచి తల బయట పెట్టి, "పక్కకు జరుగు సేటూ, మీద దుమ్ము పడ్తది" అన్నాడు.

దుమ్ము పడింది. దాన్ని దులుపుకోవాలని కూడా సత్యనారాయణకు తోచలేదు. ఊరంతా సేటు అంటుంది. కాశీరాం నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

మరునాడు పొద్దున్నే తండాకు వెళ్లాడు. అరుగు మీదివాళ్లందరూ చూస్తుండగా చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, వాకిట్లోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ద్వాళమ్మా, బువ్వ పెట్టు."

ద్వాళి భర్త వైపు చూసింది. కాశీరాం కళ్లతోనే పెట్టమన్నాడు. పళ్లెం వచ్చింది. సత్యనారాయణ తిన్నాడు. మళ్లీ పెట్టించుకున్నాడు. అడగకుండానే పెట్టిన మూడో మారు కూడా మెతుకు మిగల్చలేదు. చాలా రోజుల తర్వాత అన్నం గొంతు దిగుతుంటే రుచికి కళ్లు చెమ్మగిల్లాయి. భయం కూడా కొంత కలిసే ఉంది.

"అయిందా?" అడిగాడు కాశీరాం.

"అయింది. ఇప్పుడన్న నమ్ముతవా?"

"ఫోటో తీపిచ్చుకోకపోయినవ్ సేటూ, కోదాడకు పంపుతానికి." కాశీరాం గొంతు పెరగలేదు, పెరిగి ఉంటేనే నయం. "నేను కోడిని కోసి పిలిస్తె దిగని బువ్వ, లారీ పోంగనే మూడు మార్లు దిగింది. ఎవని కోసం తిన్నవో నాకెర్కలేదా?"

ఈసారి చెప్పడానికి సత్యనారాయణ దగ్గర కథ మిగల్లేదు. జేబులోంచి గోలీల అట్ట తీసి నేల మీద పెట్టాడు.

"షుగర్ కాశన్నా. మిల్లోనికి షుగరంటె నవ్వుతరని దాసిన. నీ ఇంట్ల తిననని కాదు. నా పిల్లల మీద ఒట్టు."

కాశీరాం ఆ అట్టను తీసుకుని తిప్పి చూశాడు. లేచి లోపలికి వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు అతని చేతిలో పాత బిస్కెట్ డబ్బా ఉంది. మూత తీసి, ఆ అట్ట పక్కనే బోర్లించాడు. డబ్బాలోంచి అవే గోలీలు రాలాయి, చాలా అట్టలు.

"ఇవెవరియి?" అడిగాడు సత్యనారాయణ.

"ఎవరివైతయి? ఈయనవే" అంది ద్వాళి కోపంగా. "ఎన్నో ఏండ్ల సంది ఇంట్ల రొట్టెనే తింటడు. నువ్వొచ్చిన దినం మాత్రం రెండు గోలీలేసుకొని నీ పక్కన కూసుంటడు. వద్దయ్యా అంటె ఇనడు. సత్తెన్న మిల్లు బియ్యం సత్తెన్న ముంగట తినకుంటె ఆయన మనసు నొస్తదంటడు."

కాశీరాం మెడలోని కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఆ దినం నువ్వు ఒక్కపొద్దంటె నా షుగరు సంబురపడ్డది. నా పానమే కాలింది."

అరుగు మీద ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. సత్యనారాయణ నవ్వలేదు. తన పరువు కోసం తాను తినకుండా అబద్ధం ఆడాడు. తన మనసు నొప్పించకూడదని కాశీరాం తిని అబద్ధం ఆడాడు. రెండూ ఒకే తూకం కావని మిల్లు మనిషికి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పూటే ఇద్దరూ సూర్యాపేట వెళ్లారు. ఈసారి మాస్కు లేదు. నిఖిత ఇద్దరికీ పరీక్షలు చేయించి, రిపోర్టులు చూసి కళ్లజోడు తీసింది.

"సత్యనారాయణగారూ, అన్నం మానేయమని మీకెవరు చెప్పారు?"

"మీరే గదమ్మా."

"నేను పిడికెడు తినమన్నాను. దగ్గరివాళ్లకు చెప్పమన్నాను. మీరు ఇన్నాళ్లు మానేసి, ఇవాళ ఒక్కసారే కడుపు పట్టనంత తిన్నారు. ఇది ఏ డాక్టర్ చెప్పిన వైద్యం?"

కాశీరాం మెల్లగా స్నేహితుడి వైపు తిరిగాడు. "పిడికెడు తినొచ్చునా? మరి ఆ దినం నా పళ్లెంల పిడికెడు తిని లేస్తె ఖతమైపోవు గదనే?"

"ఔ" అన్నాడు సత్యనారాయణ. అంతకంటే చిన్న మాట అతనికి తెలియదు.

నిఖిత కాశీరాం పాదాలు పరీక్షించింది. దూదితో అరికాలు తాకి తెలుస్తోందా అని అడిగింది. కాసేపటి తర్వాత అతను తెలియడం లేదన్నాడు. ఆమె గొంతు మెత్తబడింది. "విందు ఉందని గోలీలు రెట్టింపు చేసుకోకూడదు పెద్దాయనా. పరీక్షలు లేకుండా ఇన్నేళ్లు పాత చీటీతో నెట్టుకొచ్చారు. ముందు ఈ తిమ్మిరి సంగతి చూడాలి. షుగరు అదుపులోకి వచ్చేదాకా మీరు తెల్లన్నం ముట్టొద్దు." తర్వాత సత్యనారాయణ వైపు తిరిగి, "మీరు మాత్రం పిడికెడు తినొచ్చు" అంది.

తిరుగు దారిలో ముందుగా కాశీరామే అన్నాడు. "ఎప్పటిలెక్కనే వచ్చే పంటకు రా సత్తెన్నా. నువ్వు తిను, నేను సూస్త."

సత్తెన్నా అన్న పిలుపు వెనక్కి వచ్చింది. దాన్ని విని సంతోషించాల్సిన మనిషి కారు అద్దంలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

తర్వాతి పంటకు వడ్లు మళ్లీ మిర్యాలగూడ మిల్లుకే వచ్చాయి. మొదటి బస్తా పట్టించారు కూడా. పిడికెడు అన్నానికి అనుమతి ఉన్న సత్యనారాయణ ఆ రోజు తండాకు వెళ్లి, పళ్లెం వద్దన్నాడు. ఈసారి ఎవరూ కారణం అడగలేదు. ద్వాళి రెండు రొట్టెలు ఇద్దరికీ పంచి పెట్టింది. బియ్యాన్ని పక్కింటికి ఇచ్చేసింది.

సాయంత్రం స్నేహితులిద్దరూ సాగర్ కాలువ కట్ట మీద నడకకు బయలుదేరారు. కాశీరాం కొత్త చెప్పుల్లో జాగ్రత్తగా అడుగులు వేస్తున్నాడు. పక్క గుడిసెలో ఎవరో కొత్త బియ్యం వండుతున్నారు. గంజి వాసన కట్ట మీదికి వచ్చింది. ఇద్దరూ ఒక్క క్షణం ఆగారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, ఒకేసారి నడక వేగం పెంచారు.

వేగంగా నడవడం ఆరోగ్యానికి చాలా మంచిదట.