అడుగంటిన జామ్‌కు ఆరు సంతకాలు

తిండి మీద కవిత్వం రాసే ప్రతి పౌరుడూ ముందుగా ఆ తిండిని ప్రభుత్వానికి రుచి చూపించడం నాగరికతకు తొలి మెట్టు. రొట్టె మీద ఏకంగా కావ్యమే రాసిన ఒక పెద్దమనిషికి గోధుమ పడదని డాక్టరు చీటీ బయటపడ్డాక, ఆహార ప్రేరణ ధ్రువీకరణ శాఖ వెలిసింది. (పండ్ల బొమ్మలు వేసేవారు పక్క గదికి వెళ్ళాలి. అక్కడ ఈగలెక్కువ.)

ఆ శాఖ గడప తొక్కిన ఒక దర్జీ ఆవిడ జన్మలో ఒక్క కవిత రాసింది. నారింజ జామ్ కలుపుతూ ఫోన్లో కబుర్లలో పడి, ప్రతిసారీ గిన్నె అడుగంటించే అమ్మ గురించి. ఆరో తరగతి పుస్తకంలో వేస్తామన్నారు, ధ్రువపత్రం తెస్తేనే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుంది వ్యవహారం. అమ్మ పోయి ఏడాదైంది. ఆవిడ చేసినదాంట్లో ఒక్క చిన్న సీసా మిగిలింది. మూత తీస్తే అయిపోతుందన్న భయంతో దర్జీ దాన్ని తెరవనేలేదు.

"అక్కా, సీసా పట్టుకెళ్ళకు. ఫోటో చూపించు, చాలు," అన్నాడు తమ్ముడు.

"ఒక్క చెంచా చాలన్నార్రా. అమ్మ సంగతి పుస్తకంలో పడుతుంది."

ఒక్క చెంచా మాట నిజమే. బల్లకు ఒక్కటి. బల్లలు ఆరు. మొదటి గుమాస్తా తీపిని నమోదు చేశాడు, రెండో ఆయన పులుపును. మూడో బల్ల ఆవిడ నాలుగో బల్లను కూడా చూస్తోంది కాబట్టి రెండు చెంచాలు తిని రెండు సంతకాలు పెట్టింది. (ఒక చెంచాకు రెండు సంతకాలు పెడితే అది అవినీతి.) ఐదో ఆయన ఇంటి దగ్గరనుంచే రొట్టె తెచ్చుకున్నాడు.

ఆరో బల్ల రుచి పర్యవేక్షకుడిది. ఆయన కవిత రెండుసార్లు చదివాడు.

"అడుగున మాడు రుచి ఉంటుందని రాశారు. అడుగుదాకా వెళ్ళకుండా నేనెలా సంతకం పెట్టేదమ్మా?"

"అది గిన్నె అడుగండీ. సీసాది కాదు."

"గిన్నె తెచ్చారా?"

"లేదండీ."

"మరి?"

ఆయన అడుగుదాకా వెళ్ళాడు. చెంచా అందనిచోట వేలు పెట్టాడు. ఆఖరి ముద్ద నోట్లో పడగానే కళ్ళు చెమర్చాయి. "మా అమ్మ కూడా ఇలాగే మాడ్చేది," అన్నాడు. దర్జీకి ఏడుపొచ్చింది. ఆయన్ని చూసి కొంత, ఖాళీ సీసాను చూసి చాలా.

"రుచి రుజువైంది. పదిహేను రోజుల్లో రెండో పరీక్ష కాగానే పత్రం ఇచ్చేస్తాం. మీ అమ్మగారిచేత ఇంకో సీసా చేయించుకు రండి."

"అమ్మ లేదండీ. పోయింది."

ఆయన నిజంగానే బాధపడ్డాడు. దరఖాస్తులో అలాంటి గడి కోసం ముందూ వెనకా తిప్పి వెతికాడు. దొరకలేదు. చివరికి ఉన్నవాటిలో దగ్గరగా ఉన్న గడి చూసి, "వండినవారు సెలవులో ఉన్నారు" అని గుండ్రంగా రాసి, తలెత్తకుండానే అడిగాడు.

"ఎప్పటివరకమ్మా?"