తెలుగు అక్షరాలున్న గిన్నెలకు డిస్కౌంట్

దొంగలే లేకపోతే రాయ్‌పూర్‌లోని తెలుగు మధ్యతరగతి ఈపాటికి అరిటాకుల్లో అన్నం వండుకుంటూ ఉండేది. ఈ మాట గుండెల మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను. అప్పుడే ముఖం చిట్లించకండి. మీ వంటింట్లోకి వెళ్లి, గిన్నెలు తిరగేసి, వాటి అంచుల మీద ఎవరి పేర్లున్నాయో చదివి, ఆ తర్వాత తీరిగ్గా చిట్లించండి.

గిన్నె కొంటే దాని మీద పేరు చెక్కించనిదే మనవాళ్లు కొట్టు దిగరు. పళ్లెం మీద పేరు, గ్లాసు మీద పేరు, ఆఖరికి ఇడ్లీ రేకుల మీద కూడా పేరు! ఇక్కడి హిందీవాళ్లకీ ఈ అలవాటు ఉంది. కానీ వాళ్ల పేరున్న గిన్నె ఎత్తుకెళితే నాలుగు వీధుల అవతల ఎవరో ఒకరు చదివి పట్టుకుంటారు. మన పేరున్న గిన్నెకి ఆ భయం లేదు. దొంగకి చదవడం రాదు, కొన్నవాడికి రాదు, అమ్మినవాడికి అసలే రాదు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. మన గుండ్రటి అక్షరాలు చూసి అదేదో మంత్రం అనుకుని హిందీ ఇల్లాళ్లు ఆ గిన్నెల్ని వంటింట్లోకి రానివ్వరట! మరి వాటిని ఎవరు కొనాలి?

మనమే కొనాలి. వారం సంత వెనక సందులో ఒక పాత సామాన్ల దుకాణం ఉంది. పేరు చెప్పను, చెబితే మీరంతా ఎగబడతారు. ఆ దుకాణదారుణ్ణి అందరూ భయ్యా అంటారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక కుక్కరు నా ముందు పెట్టి, "యే మద్రాసీ లిఖావట్ వాలా హై సాబ్, ఆధే మే లే జాఓ" అన్నాడు. మద్రాసు రాతలున్నాయి కాబట్టి సగం ధరకే పట్టుకుపొమ్మని అర్థం.

పాఠకులారా, ఈ ఊళ్లో తెలుగు అక్షరానికి ఎక్కడైనా విలువుందా? బ్యాంకు ఫారాల మీద లేదు, బస్సు బోర్డుల మీద లేదు, బళ్లలో అంతకన్నా లేదు. ఆ ఒక్క దుకాణంలోనే మన లిపికి యాభై శాతం రాయితీ! భాష కోసం సభలు పెట్టి శాలువాలు కప్పుకునేవాళ్లు ఎవరైనా ఇంతటి సేవ చేశారా?

మా అమ్మాయి భాగ్యశ్రీ చదివేది హిందీ మీడియం. దానికి నేను ఒక్క వాచకం కొనలేదు. అయినా 'నా' అక్షరం నాంచారమ్మ గారి పళ్లెం మీద, 'సూ' అక్షరం సూరమ్మ గారి చెంబు మీద నేర్చుకుంది. గుణింతాలు పూర్తి కావాలంటే ఇంకా కొన్ని ఇళ్లలో దొంగలు పడాలి.

నీతి మాటేమిటని కొందరు అడుగుతారు. నేను ఊరి బయట సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో లారీలు తూకం వేసే ఆఫీసులో గుమాస్తాని. ఈ సంవత్సరం ఇనుము కాల్చే ఒక భట్టీ ఆపేశారు. నెలలో సగం రోజులు పని ఉంటుంది, మిగతా సగం ఆకలి ఉంటుంది. స్కూలు ఫీజు మాత్రం నెలంతా ఉంటుంది! షోరూములో కొత్త కుక్కరు ధర చీటీ చూస్తే కుక్కరు కంటే ముందు నాకే విజిల్ వస్తుంది. నీతి అనేది ఫుల్ శాలరీ వచ్చేవాళ్ల ఐటమ్. మాలాంటి వాళ్లకి అది ఈఎంఐలో కూడా ఇవ్వరు.

పైగా ఇందులో పర్యావరణం ఉంది! గిన్నె ఒక ఇంట్లో చేతికి అందకుండా పోయి ఇంకో ఇంట్లో పొయ్యి ఎక్కుతుంది. దీన్నే సదస్సుల్లో రీసైక్లింగ్ అంటే చప్పట్లు కొడతారు. సందులో చేస్తే మాత్రం తప్పా?

ఇంత గొప్ప వ్యవస్థ మన తెలుగు సంఘానికి ఎలా ఉపయోగపడిందో చెప్పడానికే ఈ వ్యాసం.

డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో దాలమ్మ అని ఒకావిడ ఉంది. భర్త రైల్వే వ్యాగన్ల రిపేరు షాపులో పనిచేసి, రిటైరై, పోయాడు. సంఘం ఎప్పుడు భోజనాలు పెట్టినా వంట ఆవిడదే, గుండిగలూ ఆవిడవే. మూడు పెద్ద స్టీలు గుండిగలు. పెళ్లిళ్లకీ, బారసాలలకీ జనం ఆవిడని పిలిచేది అవి ఉండబట్టే. సొంత గుండిగలు లేకపోతే టెంట్ హౌసులో అద్దెకు తేవాలి, అలా తెస్తే కూలి అంతా వాడికే పోతుంది. మొన్న వానాకాలంలో ఆవిడ చుట్టాలింటికి పలాస వెళ్లినప్పుడు ఇంటి వెనక షెడ్డు తాళం విరగ్గొట్టి, మూడూ ఎవరో పట్టుకుపోయారు. ఆవిడ మా సంఘం కార్యదర్శి అమ్మిరాజు దగ్గరికి వచ్చి, కార్తీక వనభోజనాలకి ఈసారి వంట ఒప్పుకోలేనని చెప్పింది.

మేం చాలా బాధపడ్డాం. బాధపడుతూనే, సంఘానికి సొంత గుండిగలు కొనాలని తీర్మానం చేశాం. కొనే బాధ్యత నాకు అప్పగించారు. చవగ్గా కొనడంలో నాకున్న పేరు అలాంటిది.

నేను నేరుగా భయ్యా దగ్గరికి వెళ్లాను. ఏం అదృష్టమో చూడండి! సరిగ్గా మన జనానికి సరిపడే సైజుల్లో, సరిగ్గా మూడు గుండిగలు అక్కడ బోర్లించి ఉన్నాయి. అంచు మీద 'దాలమ్మ' అని చెక్కి ఉంది. అయితే ఏం? లోకంలో దాలమ్మలు ఎంతమంది లేరు? పేరు చూసి గిన్నెను అనుమానించడం సంస్కారం కాదు. భయ్యా చేత ఒక చీటీ మీద రసీదు కూడా రాయించుకున్నాను. జాగ్రత్త కోసం ఎర్ర పెయింటుతో 'తెలుగు సంఘం' అని, సరిగ్గా ఆ పేరు మీదుగానే రాయించాను.

అమ్మిరాజు వచ్చి చూశాడు. గుండిగని చూశాడు, నన్ను చూశాడు, పెయింటుని గోటితో గీకి చూశాడు. "ఇంకో కోటింగు వేయించండి" అన్నాడు. సంఘం పట్ల ఆయనకున్న శ్రద్ధ అలాంటిది.

వనభోజనాల రోజున ఊరి బయట ఉసిరి తోటలో భోజనాలు. దాలమ్మ ముందే కాదంది కాబట్టి వంటకి హోటలు వాళ్లని పెట్టాం. దాలమ్మకి పనులు లేవు కదా, పాపం అని జాలిపడి అంట్లు తోమే పని ఇచ్చాం. మన సంఘం ఎవరినీ వదిలేయదు!

తప్పు అక్కడే జరిగింది. హోటలువాళ్ల కుర్రాళ్లయితే గిన్నె లోపల ఒకసారి చెయ్యి తిప్పి బోర్లించేవారు. ఈవిడ వంటమనిషి. బూడిద పోసి, కొబ్బరి పీచుతో, లోపలా బయటా అంచులూ అడుగూ అన్నీ తోమింది. మొదటి కోటింగు పోయింది. రెండోది కూడా సగానికి సగం లేచిపోయింది.

ఎర్ర రంగు కింద నుంచి ఆవిడ పేరు బయటపడింది. ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చుంది. అమ్మిరాజు అటు వెళితే, "బాబూ, ఇది నా గుండిగ" అంది.

"సంఘానిదమ్మా. రసీదుంది. పైన పేరు కూడా రాసుంది చూడు" అన్నాడు అమ్మిరాజు.

"పైన మీదుంది, కింద నాదుంది. ఏది ముందు రాసినారో రంగే సెప్తంది బాబూ. మా ఆయన రిటేరైన ఏడాది కొన్నాను. అచ్చరానికింత అని కొట్టోడు డబ్బులడిగితే, ఇంటిపేరు ఒగ్గీసి నా పేరొకటీ కొట్టించాను."

ఆ మాట ఉసిరి తోటంతా పాకిపోయింది. తర్వాత జరిగింది చూసి తీరాలి. ఒక్క ఇల్లాలు కూడా ఇంటి నుంచి తెచ్చుకున్న ఎంగిలి గిన్నెలు కడగలేదు. కడిగితే పేర్లు కనిపిస్తాయి కదా! పులుసు కారుతున్న గిన్నెల్ని అలాగే సంచుల్లో కుక్కేశారు. నాంచారమ్మ గారు తన పేరున్న పళ్లెం మా సంచిలోకి వెళ్లడం కళ్లారా చూసి కూడా ఏమీ అనలేదు. అనాలంటే ముందు ఆవిడ సంచి విప్పాలి. ఇంతటి ఐకమత్యం మన సంఘంలో నేను ఎన్నడూ చూడలేదు.

కమిటీ వెంటనే కూర్చుంది. చాలా ఉదారమైన నిర్ణయం తీసుకుంది. గుండిగలు సంఘం డబ్బుతో కొన్నవి కాబట్టి సంఘానివే. అయినా దాలమ్మ పరిస్థితి దృష్టిలో పెట్టుకుని, ఆవిడకి ఎప్పుడు వంట పని దొరికినా వాటిని సగం అద్దెకే ఇస్తాం. ఏ టెంట్ హౌసువాడు ఇస్తాడు సగం అద్దెకి?

ఈ శుభవార్త చెప్పడానికి నన్నే పంపారు. దాలమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"నా గుండిగల్లో నాను వండుకోడానికి మీకు అద్దె కట్టాల. దొంగోడే నయం కదా బాబూ. ఆడు ఒకపాలే పట్టుకెళ్లినాడు."

చదువుకోని మనిషి. ఆర్థికశాస్త్రం తెలియదు. నేను నొచ్చుకోకుండా ఇంటికి వచ్చి, మా ఆవిడ కల్యాణితో సంగతంతా చెప్పాను. మార్కెట్ రేటులో మూడో వంతుకే మూడు గుండిగలు కొన్నవాడిని ఇలా అనొచ్చా అని అడిగాను.

"మూడో వంతు మీరు కట్టారు. మిగతాది ఆవిడ చేత కట్టించారు. ఆవిడ కంటే మనకి ఎక్కువ ఇబ్బందా?" అంది కల్యాణి.

దానికి జవాబు నా దగ్గర ఉంది. కానీ ఆ పూట భోజనం మానేసి పడుకున్నాను. అది కేవలం అజీర్ణం.

ఇక అసలు ఘోరం వినండి. సంఘం గది తాళంచెవి మా ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంటుంది. నిన్న నేను డ్యూటీకి వెళ్లిన తర్వాత, పట్టపగలు, కల్యాణీ నాంచారమ్మ గారూ కలిసి ఆ గది తెరిచి, మూడు గుండిగలూ ఆటోలో వేసుకుని డబ్ల్యూఆర్ఎస్ కాలనీకి తీసుకెళ్లి ఇచ్చేశారు! సాయంత్రం నాకు టీ ఇస్తూ ఈ సంగతి చల్లగా చెప్పింది.

ఇది దొంగతనం అన్నాను. కన్నంవేసి ఎత్తుకుపోవడానికీ దీనికీ తేడా ఏముంది అన్నాను. కష్టపడి కొన్న వస్తువు పోతే కొన్నవాడి కడుపు ఎంత మండుతుందో తెలుసా అన్నాను.

"దొంగతనమేనండీ. మీరు మెచ్చుకుంటారనుకున్నాను" అంది.

పాఠకులారా, నేను దొంగ సొత్తుకు వ్యతిరేకిని కాను. కానీ దొంగతనానికి మాత్రం బద్ధవిరోధిని! ఈ రెండింటికీ మధ్య తేడా తెలియకపోతే సమాజం ఏమైపోతుంది? అమ్మిరాజు కూడా ఫోనులో ఇదే అన్నాడు. కొన్నది మీరే కాబట్టి కంప్లైంటు కూడా మీరే ఇవ్వాలన్నాడు. ఇవాళ పొద్దున్నే ఫ్యాక్టరీకి సెలవు పెట్టి ఠాణాకి వచ్చాను.

ఇక్కడి మున్షీ, అంటే ఠాణా రైటరు, మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, కాగితం తీసి, పోయిన సామాను గుర్తులేమిటని అడిగాడు. మూడు గుండిగలు, అంచు మీద పేరు చెక్కి ఉందని చెప్పాను.

"క్యా నామ్?"

దాలమ్మ అన్నాను.

"మాల్ అభీ కహాఁ హై?"

సామాను ఇప్పుడు దాలమ్మ ఇంట్లో ఉందన్నాను.

మున్షీ పెన్ను కింద పెట్టి నా వైపు చూశాడు. ఆ చూపు తప్పించుకోవడానికి నేను గబగబా భయ్యా రాసిచ్చిన రసీదు తీసి చూపించాను. అది చదివాక ఆయన ముఖం వెలిగింది.

"ఇస్ దుకాన్ కో తో హమ్ కబ్ సే ఢూంఢ్ రహే థే. బైఠియే, సాహబ్ ఆ రహే హైఁ" అన్నాడు. ఆ దుకాణం కోసం వాళ్లు చాలాకాలంగా వెతుకుతున్నారట, ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు కూర్చోమన్నాడు! పోలీసులకి నా వల్ల ఇంత మేలు జరిగిందని సంతోషించేలోపే కుర్చీలోంచి లేపి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఈ వ్యాసం ఆ బెంచీ మీదే రాస్తున్నాను. సాహబ్ ఇంకా రాలేదు. ఫోను కూడా వాళ్ల దగ్గరే ఉంది.

ఠాణాకే వెళ్తున్నానని చెప్పి వచ్చాను కదా, మధ్యాహ్నం కల్యాణి ఆటోవాడి చేత క్యారేజీ పంపింది. మూత తీస్తే పులిహోర. ఇవాళ మోవాలో ఒకరింట బారసాల ఉందనీ, వంట దాలమ్మ ఒప్పుకుందనీ కల్యాణి పొద్దున్న అనడం గుర్తొచ్చింది. అలకలో ఉండి పట్టించుకోలేదు. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చింతపండూ ఇంగువా ఎక్కడ పడాలో అక్కడ పడ్డాయి. హోటలువాళ్లు ఉసిరి తోటలో పెట్టింది దీని ముందు ఎందుకు పనికొస్తుంది? నిజం చెప్పొద్దూ, ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎండుమిరపకాయ తగిలినట్టుంది.

ఒక్కణ్ణే తినడం బాగోదని మున్షీకి కొంచెం పెట్టాను. ఆయన రెండు ముద్దలు తిని, ఎవరు వండారు, ఇంత బాగుంది అని అడిగాడు.

దాలమ్మ గారు, ఆవిడ గుండిగల్లో వండితే పులిహోర ఇలాగే కుదురుతుంది అన్నాను.

మున్షీ చెయ్యి కడుక్కుని వచ్చి, కాగితం ముందుకు లాక్కుని, నేను చెప్పిన మాట రాసుకున్నాడు.