జూలై ఒకటిన టాపర్ ఆరేస్తే

జూలై ఒకటో తారీకున మాంట్రియాల్ నగరంలో బుద్ధి ఉన్నవాళ్ళెవరూ ఇంటి ముందు వస్తువు పెట్టరు. ఊళ్ళో అద్దెకుండేవాళ్ళలో సగం మంది ఆ ఒక్కరోజే ఇళ్ళు మారతారు. కొత్త ఇంట్లో పట్టనివీ, మెట్లు దిగనని మొరాయించినవీ రోడ్డు పక్కన వదిలేసి పోతారు. అలా వదిలేసింది ఎవరు ఎత్తుకుంటే వాళ్ళది. అడగడాలు, చెప్పడాలు ఉండవు. ఈ సంగతి సొలాంజ్‌కు తెలియదా అంటే, ఆవిడ పుట్టి పెరిగిందే ఆ పేటలో. కానీ ఆ ఉదయం ఆవిడ కోపంలో ఉంది. కోపంలో ఉన్న మనిషికి తెలిసినవి కూడా ఆ పూటకు తెలియకుండా పోతాయి.

కోపం మొగుడి మీద. మంచంలో కాఫీ తాగొద్దని పెళ్ళయిన నాటి నుంచీ చెబుతూనే ఉంది. రెజాన్ తాగుతూనే ఉన్నాడు. ఆ రోజు పాలు పోసిన కాఫీ కప్పు నిండుగా తెచ్చుకుని, దుప్పటి సర్దుకోబోయి, మొత్తం టాపర్ మీద బోర్లించాడు. టాపరంటే పరుపు మీద పరుచుకునే మందపాటి ఫోమ్ మెత్త. సొలాంజ్ నడుము నొప్పికి డాక్టర్లు ఇచ్చిన మందులన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

పైగా అది మామూలు రోజు కాదు. ఆమె చెల్లెలు ఫెర్నాండ్ ఆ రోజే పైన మూడో అంతస్తులోకి సామానుతో దిగుతోంది. ఆ వాటా చెల్లెలికి ఇమ్మని ఇంటి ఓనరు తిబో గారి వెంటపడి, బతిమాలి ఒప్పించింది సొలాంజే. ఒప్పించిన మరుక్షణం నుంచీ గుండెల్లో గుబులు పట్టుకుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ రోజుకోసారైనా, "నీ చెల్లెల్ని చూసి నేర్చుకోవే, ఎంత శుభ్రమో!" అనేది. ఆ మాట ఈ వయసులోనూ సొలాంజ్ చెవుల్లోంచి పోలేదు. వారం రోజులుగా ఇల్లు తోమి తోమి అద్దంలా చేసింది. ఈ ఒక్కరోజు చెల్లెలి ముందు తల దించుకోకుండా గడిస్తే చాలనుకుంది. ఇంతలో ఈ కాఫీ.

"ఏమయ్యా, అది ఫోమా, నీ బనీనా? అలా మెలిపెట్టి పిండుతున్నావేంటి, చిరిగిపోదూ?"

"మరి నీళ్ళెలా పోతాయి?"

"పొడి తువ్వాలు వేసి అదమాలి. మరక మీద రుద్దకు! సబ్బునీళ్ళతో అద్దు."

"అదమనా, అద్దనా? ఏదో ఒకటి చెప్పు తల్లీ."

మరక పోయింది. వంటసోడా చల్లి, కాసేపు ఉంచి, వాక్యూమ్‌తో లాగేస్తే వాసనా పోయింది. మిగిలింది ఆరబెట్టడం. డ్రయ్యర్‌లో వేస్తే ఫోమ్ ముక్కలవుతుంది. ఎండ తగిలితే పసుపురంగుకు తిరిగి పెళుసెక్కుతుంది. కమ్మీ మీద వేలాడేస్తే తన బరువుకు తానే సాగుతుంది. నీడలో, గాలికి, బల్లపరుపుగా ఆరాలి. వెనక బాల్కనీలో ఎండ నిప్పులు చెరుగుతోంది. నీడా గాలీ రెండూ ఉన్న చోటు ఇంటి ముందు గడ్డి జాగా ఒక్కటే. అక్కడ బట్టలారేసే స్టాండు విప్పి, దాని మీద టాపర్ పరిచి, ఓవెన్‌లో బీన్స్ చూసుకోవడానికి లోపలికి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు చెరో కొసా పట్టుకుని టాపర్‌ను మోసుకుపోతున్నారు.

"ఒరేయ్! దించండి! దించండంటుంటే!"

"సారీ ఆంటీ, పడేశారనుకున్నాం."

"పడేసింది ఇంత తెల్లగా ఉంటుందా? కళ్ళు ఇంట్లో పెట్టొచ్చారా?"

వాళ్ళు దించి వెళ్ళారో లేదో ఒక వ్యాను ఆగింది. అందులోంచి దిగినాయన కొలతల టేపు తీశాడు. అతన్ని తరిమేలోపు ఒకావిడ వచ్చి టాపర్‌ను రెండు పిడికిళ్ళతో గుద్ది చూసి, వాసన చూసి, "తడిగా ఉందే. ఊరికే ఇచ్చినా ఆలోచించాల్సిందే" అని పెదవి విరిచింది. ఊరికే ఎవరిచ్చారని సొలాంజ్ అడిగేలోపే వెళ్ళిపోయింది. లాభం లేదని కుర్చీ తెచ్చుకుని టాపర్ పక్కనే కాపలా కూర్చుంది. దారిన పోయే ముసలాయన ఒకడు టోపీ తీసి ఎంతో మర్యాదగా అడిగాడు.

"మేడమ్, మీరు లేచాక ఆ కుర్చీ నేను తీసుకోవచ్చా?"

కిటికీలోంచి చూస్తున్న రెజాన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. సొలాంజ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. కుర్చీతో సహా లోపలికి వచ్చి, ఒక అట్ట మీద "ఈ మెత్త పడేసింది కాదు" అని రాసి, టాపర్ మీద పెట్టి, బీన్స్ కలిపి వచ్చింది. టాపర్ ఉంది. అట్ట ఉంది. కింద స్టాండు లేదు. ఎవరో పుణ్యాత్ములు టాపర్‌ను జాగ్రత్తగా గడ్డి మీదకు దించి, అట్టను దాని నడిమధ్యలో సర్ది, స్టాండు పట్టుకుపోయారు.

"దొంగ వెధవలు! చదువొచ్చిన దొంగలు!" అని వీధంతా వినబడేలా అరిచింది సొలాంజ్.

"అరిచి ఏం లాభం?" అన్నాడు రెజాన్, రెండు కుర్చీలు తెచ్చి టాపర్‌ను వాటి మీదకెత్తుతూ. "ఈ ఊరి జనం దేవుడికీ పోలీసుకీ భయపడరు. ఒక్కదానికే భయపడతారు."

"దేనికి?"

"నల్లులకి."

అతను తమాషాకే అన్నాడు. ఆ ఊళ్ళో నల్లులు పట్టిన పరుపు బయట పారేసేవాళ్ళు, ఇంకొకరు తెలియక ఎత్తుకుపోకుండా దాని మీద ఆ మాట పెద్దగా రాసి పెడతారు. అది చదివినవాళ్ళు రోడ్డు దాటి అవతలి పక్క నుంచి నడుస్తారు.

"నా గుమ్మం ముందు ఆ మాటా? పక్క దుప్పట్లు వారానికి రెండుసార్లు మార్చే ఇంటి ముందా?" అంది సొలాంజ్. అంటూనే ఇంకో వ్యాను మెల్లగా ఆగడం చూసింది. అట్ట తిరగేసింది. లావుపాటి పెన్నుతో రోడ్డు అవతలి దాకా కనబడేలా "నల్లులు" అని రాసింది. వ్యాను అంతే మెల్లగా వెళ్ళిపోయింది.

అరగంట ఎంత హాయిగా గడిచిందో! కుర్రాళ్ళు లేరు, టేపులు లేవు, పిడికిళ్ళు లేవు. సొలాంజ్ తన తెలివికి తానే మురిసిపోతూ సాండ్‌విచ్‌లు చేసుకుంటోంది. ఆ అరగంటలో ఎదురింటి బాల్కనీలోంచి జినెట్ అట్ట చదివింది. చదివి ఊరుకుంటే ఆవిడ జినెట్ ఎందుకవుతుంది? తన పక్కింటికి చెప్పి, వెనకింటికి చెప్పి, చివరకు తిబో గారికి ఫోన్ చేసింది. కందకు లేని దురద కత్తిపీటకు పుట్టింది.

తిబో గారు చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా పెట్టుకోకుండా వచ్చాడు.

"సొలాంజ్ గారూ! బంగారంలాంటి బిల్డింగు! మూడు వాటాలకీ నల్లులు పట్టించేశారా?"

"నల్లులూ లేవు, గిల్లులూ లేవు. జనం ఎత్తుకుపోతున్నారని నేనే రాశాను."

"ఏం మాటండీ అది? ఉన్నవాళ్ళు లేవని దాస్తారు గానీ, లేనివాళ్ళు ఉన్నాయని రాస్తారా ఎక్కడన్నా?"

దానికి సొలాంజ్ దగ్గర సమాధానం ఉంది. కానీ అది నోట్లోంచి బయటకు వచ్చేలోపే ఫెర్నాండ్ సామాను లారీ వచ్చి ఆగింది. మోసేవాళ్ళు తలుపు తెరిచి, సామాను దించే పలక వాల్చి, అట్ట చదివి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మేం ఈ ఇంట్లో కాలు పెట్టం" అని అక్కడే గట్టు మీద కూర్చుని సిగరెట్లు వెలిగించారు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలో ఫెర్నాండ్ దిగింది. అట్ట చూసింది. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"అక్కా! ఇదేంటక్కా?"

"ఏం లేదే, నేను చెప్పేది విను..."

"ఏం వినను? ఎంత సిగ్గు! అమ్మ బతికుంటే ఈ అట్ట చూసి మళ్ళీ చచ్చేది! నాకు తెలుసు, చిన్నప్పుడూ అంతే, మంచం కింద ఊడ్చేదానివి కాదు."

"నేను ఊడ్చేదాన్ని కాదా? నీ వంతు కూడా నేనే ఊడ్చాను కదే!"

"వదినా, మధ్యలో నేనంటున్నానని కాదు గానీ..." అంటూ జినెట్ వీధి దాటి వచ్చింది.

"నువ్వు నోర్ముయ్!" అన్నారు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్కసారే. తర్వాత మళ్ళీ ఒకరి మీదొకరు పడ్డారు.

వీధి వీధంతా మూగింది. ఇళ్ళు మారేవాళ్ళు సైతం ఫ్రిజ్‌లు దించేసి నిలబడ్డారు. వారం రోజుల తోముడు, ఇన్నేళ్ళ పరువు, అన్నీ తన చేత్తో తాను రాసుకున్న ఒక్క మాటతో గంగలో కలుస్తున్నాయి. ఈ అన్యాయాన్ని సొలాంజ్ తట్టుకోలేకపోయింది.

"కుక్కను పిలిపించండి!" అని అరిచింది. "మీ బావమరిది దగ్గరుందిగా తిబో గారూ, నల్లుల్ని వాసన పట్టే కుక్క? ఇప్పుడే రావాలి. అందరి ముందూ నా ఇల్లు వెతకాలి!"

బావమరిది వెంట కుక్క వచ్చింది. పేరు పటాట్. మనం ముద్దుగా బంగాళాదుంప అనుకోవచ్చు. నల్లి ఉన్నచోట కూర్చోవడం దాని చదువు. అది టాపర్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు వాసన చూసి ఇంట్లోకి నడిచింది. మంచం కింద దూరింది, సోఫా సందుల్లో ముక్కు పెట్టింది, రెజాన్ చెప్పుల దగ్గర ఒక్కసారి తుమ్మింది. ఎక్కడా కూర్చోలేదు. బయటకొచ్చి ఆవలించింది.

"చూశారా?" సొలాంజ్ నడుం మీద చేతులు పెట్టుకుంది. నొప్పి కూడా మర్చిపోయింది. "చూశావా జినెట్? తిబో గారూ, క్షమించమని అడగండి. ఇక్కడ కాదు, మెట్ల మీద నిలబడి అడగండి, అందరికీ వినబడాలి!"

తిబో గారు మెట్లెక్కబోతున్నాడు. ఇంటికి పోదామని లాగుతున్న బావమరిదిని పటాట్ వెనక్కి లాగింది. తోక నిటారుగా నిలిపి, లారీ పలక మీద నుంచి పైకెక్కి, ఫెర్నాండ్ గారి పరుపు ముందు పద్ధతిగా కూర్చుంది. కుక్కతో వచ్చినాయన పరుపు అంచు కుట్టు వెడల్పు చేసి టార్చి వేశాడు. వేసి, ఉన్నాయన్నట్టు తల ఊపాడు.

"దోమలనుకున్నాను," అంది ఫెర్నాండ్, తెల్ల చొక్కా చేతుల్ని కిందికి లాక్కుంటూ. "ఈ వానల తర్వాత దోమలెక్కువ కదా... దోమలనుకున్నాను."

ఇలాంటి రోజు కోసం సొలాంజ్ చిన్నప్పటి నుంచీ ఎదురు చూసింది. అనాల్సిన మాటలన్నీ నాలుక చివర వరుసకట్టి నిలబడ్డాయి. నోరు తెరిచింది. తెరిచి చెల్లెలి మొహం చూసింది. ఆ కింది పెదవి అలా వణకడం, చిన్నప్పుడు బడిలో అందరూ నవ్విన రోజున చూసిందే. జినెట్ అప్పుడే ఫోన్ తీస్తోంది. మోసేవాళ్ళు లారీకి దూరంగా జరుగుతున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఎవరే నవ్వింది?" సొలాంజ్ కేక వీధి చివరి దాకా వెళ్ళింది. "మీ ఇళ్ళకెప్పుడూ నల్లులు రాలేదా? జినెట్, పోయినేడు నీ సోఫా ప్లాస్టిక్ చుట్టి పారేశావే, అందులో ఉన్నవేంటి, సీతాకోకచిలుకలా? దాన్ని ఒక్క మాటన్నారంటే ఊరుకోను! నా చెల్లెలంత శుభ్రమైన మనిషి ఈ ఊళ్ళోనే లేదు. మా అమ్మ చెప్పింది!"

జినెట్ ఫోన్ జేబులో పెట్టేసుకుంది.

తిబో గారు గొంతు సవరించుకుని, సామానంతటికీ మందు కొట్టించి, వేడి పట్టించాకే పైకి ఎక్కించాలన్నాడు. "అప్పటిదాకా ఎక్కించొద్దు. చెల్లెలు నా ఇంట్లో ఉంటుంది, ఎన్నాళ్ళయితే అన్నాళ్ళు" అంది సొలాంజ్. అట్ట తీసుకెళ్ళి లారీలోని పరుపు మీద తన చేత్తోనే పెట్టి వచ్చింది. ఫెర్నాండ్ బట్టల్ని స్నానాల గది గుమ్మంలోనే సంచిలో మూటగట్టి, డ్రయ్యర్‌లో పూర్తి వేడి మీద తిప్పింది. రెజాన్‌ను సోఫాలోకి పంపింది. పొద్దు వాలే వేళకు టాపర్ ఆరింది. దాన్ని మంచం మీద పరిచి, ఉతికిన దుప్పటి వేసి, తన నైట్‌గౌనులో ఉన్న చెల్లెల్ని దాని మీద పడుకోబెట్టి, తాను కింద బొంత పరుచుకుంది. నడుము అప్పుడే మూలగడం మొదలుపెట్టింది. అయినా ఎందుకో మనసుకు బాగుంది.

ఫెర్నాండ్ అటు తిరిగింది, ఇటు తిరిగింది. అరచేత్తో టాపర్‌ను నొక్కి చూసింది.

"టాపర్ సరేగానీ అక్కా," అంది, "దీని కింద పరుపు దులిపి ఎన్నాళ్ళయింది?"