ఇల్లు కాదు సార్, ఆఫీసు

ఆ ఉదయం నెహెమ్యాకు ఉన్న పని ఒక్కటే. బడి యూనిఫారాల మూటలు రెండు బస్సెక్కించుకొని వెళ్లి, మధ్యాహ్నానికి కుప్పంలో అప్పగించాలి. మదనపల్లెలోని అద్దె ఇంటి ముందుగదిలోనే అతని వ్యాపారమంతా. ఒక కంప్యూటరు, ఒక బల్ల, గోడవారగా గుడ్డ తానులు.

మూటకు తాడు బిగిస్తుండగా ఫోను మోగింది. అవతల లారీల చప్పుడులో సగం మాటలే వినిపించాయి. "నెహెమ్యా గారా? ఎంక్వైరీకి మీ ఇంటికి వస్తాండాం. పదకొండుకు ఆడనే ఉండండి." అంతే, కట్టయింది.

తాడు చేతిలోంచి జారింది. పోయిన నెల, అతని లెక్కలు రాసే పుంగనూరు అమ్మాయి సమ్రీన్, ఇంట్లో ఆఫీసు నడిపేవాళ్లు పన్ను లెక్కలో ఆ గది మేరకు అద్దె, కరెంటు ఖర్చు చూపించుకోవచ్చని చెప్పింది. "ఎంత వాడితే అంతే రాయల్ల అంకుల్" అని కూడా అన్నది. ఆ రెండో మాట అతని చెవికెక్కలేదు. వంటగది, పడకగది, బాత్రూముతో సహా ఇల్లంతా ఆఫీసేనని రాసి ఆమెకు పంపించాడు.

"విమలా, మునిగినాం! ఇన్‌కమ్‌టాక్సోళ్లు వస్తాండారు. ఈడ మనుషులు కాపురముండారని తెలిస్తే నన్ను జైల్లో ఏస్తారు!"

"మనుషులుండని ఇల్లు యాడన్నా ఉంటాదా?" అంది భార్య విమలమ్మ.

అతను వినే స్థితిలో లేడు. మంచం, పరుపులు, తీగ మీది తడి చీరలు పక్కింటి సుగ్రా వరండాకు చేరాయి. గ్యాసు సిలిండరు దొర్లుకుంటూ వెళ్లింది. సగం ఉడికిన పప్పు గిన్నెతో సహా వెళ్లింది. పడకగదికి 'మీటింగ్ రూము', వంటగదికి 'స్టాకు' అని కాగితాలు అంటించాడు. బాత్రూము ముందు కాసేపు ఆలోచించి 'స్టాఫ్' అని అంటించాడు. చివరికి విమలమ్మను కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. "నువ్వు నా పెండ్లానివి కాదు, క్లర్కువి. నోరు తెరవద్దు."

సరిగ్గా పదకొండుకు, మామూలు చొక్కాలో, చంకన ఫైలుతో ఒకాయన వచ్చాడు. తన పేరు నరసింహులు అన్నాడు. ఎక్కణ్ణుంచి వచ్చాడో చెప్పేలోపే నెహెమ్యా కుర్చీ జరిపాడు.

"ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారప్పా?"

"ఇల్లు కాదు సార్, ఆఫీసు. ఎవరూ ఉండరు. ఆమె క్లర్కు."

"వంట?"

"ఈడ అగ్గిపుల్ల కూడా గీయం సార్."

నరసింహులు ముక్కు ఎగబీల్చాడు. గదినిండా పప్పు వాసన. "మరి విమలమ్మ అనే ఆమె?"

నెహెమ్యా గబుక్కున తల అడ్డంగా ఊపాడు. భార్య పేరు కూడా పట్టేశారు! "ఆ పేరుతో ఈడ ఎవరూ లేరు సార్. నేనెప్పుడూ ఇన్లేదు."

క్లర్కు తల తిప్పి చూసింది.

నరసింహులు పైకి చదువుకుంటూ రాశాడు. "పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకున్న మనిషి... ఈ చిరునామాలో... లేరు."

"పాస్‌పోర్టా!" విమలమ్మ ఒక్క ఉదుటున లేచింది. చర్చి సంఘం వాళ్లతో కలిసి యెరూషలేము చూసి రావాలని, ఏడేళ్లుగా కుట్టుపని డబ్బు దాచుకుంటున్న మనిషి. "నేనే సార్ విమలమ్మను! ఈయన నా మొగుడు!"

"ఆయన క్లర్కంటాండాడే?"

నెహెమ్యాకు జైలు భయం పోయింది. అంతకన్నా పెద్ద భయం ఎదురుగా నిలబడి అతన్నే చూస్తోంది. "అబద్ధం చెప్పినా సార్, ఇది ఇల్లే" అని చేతులు జోడించాడు.

"పోలీసోనికే అబద్ధం చెప్పినోని మాట యాల నమ్మల్ల? పక్కింటోళ్లను పిలువు."

పప్పుగిన్నె చేతిలో పట్టుకొనే సుగ్రా వచ్చింది. "ఇరవై ఏండ్లుగా ఈళ్ల కొట్లాట మా గోడకు ఇనిపిస్తాండాది సార్. ఆఫీసైతే ఆదివారమన్నా సెలవుండాల కదా!"

నరసింహులు నవ్వు ఆపుకోలేక, రాసింది కొట్టేసి మళ్లీ రాశాడు. కింద సుగ్రా సంతకం తీసుకున్నాడు.

ఆయన గుమ్మం దాటగానే నెహెమ్యా పుంగనూరుకు ఫోను చేశాడు. "సమ్రీనమ్మా, తప్పు రాసినా. ముందుగది ఒక్కటే ఉంచు."

"మీరు పంపిన పొద్దే మిగతాది కొట్టేసినా అంకుల్. బాత్రూమును ఆఫీసంటే ఎవరొప్పుకుంటారు?"

కుప్పం బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. మంచం, పరుపులు, సిలిండరు ఒక్కడే మోసుకొచ్చి, చెమట తుడుచుకుంటూ "విమలా, ఇంత అన్నం పెట్టు" అని నెహెమ్యా కేకేశాడు.

ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరని వంటగదిలోంచి జవాబు వచ్చింది.